పొట్టు పొయ్యి మీద పోసిన వానపాములు

మా అక్క మనవడికి చేపల పిచ్చి. కుందలహళ్ళి వైపు ఏదో పెద్ద ఆఫీసులో ఉద్యోగం. శనివారం వచ్చిందంటే చాలు, గాలం భుజాన వేసుకుని చెరువుల వెంట తిరుగుతాడు. మొన్న ఇంటికొచ్చి, గాలానికి గుచ్చే మెత్తటి ప్లాస్టిక్ వానపాముల్ని ఇక తానే పోసుకుంటానని, దానికి గ్యాసు పొయ్యి మేలా, కరెంటు పొయ్యి మేలా, లేక ఇంకేదైనా కొనాలా అని ఫోనును అడుగుతూ కూర్చున్నాడు. నేను పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. ఫోను చెప్పిందంతా చెవిన పడింది. "దాన్నెందుకురా అడుగుతావు, నన్నడుగు" అన్నాను. నవ్వాడు. ముసలమ్మకు పప్పు ఉడికే వేడి తెలుస్తుంది గానీ ప్లాస్టిక్ ఉడికే వేడి ఏం తెలుస్తుందని వాడి నవ్వు.

ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండింది. అందుకే ఇది రాస్తున్నాను. వాడొక్కడికే కాదు, ఏ పని మొదలుపెట్టినా ముందు ఖరీదైన సామాను వైపు చూసే మీ అందరికీ. ఈ బెంగళూరులో ఆ వానపాముల్ని అందరికంటే ముందు పోసిందెవరో నాకు తెలియదు. మా షెడ్డులో పోసింది మాత్రం నేను.

అరవైల నాటి మాట. మా షెడ్డు లాల్‌బాగు వెనక, ఒక సామిల్లును ఆనుకుని ఉండేది. పగలంతా రంపం గీమని అరుస్తూనే ఉండేది. గాలి ఇటు తిరిగితే కొయ్యపొట్టు వచ్చి మా నెత్తుల మీద, అన్నం డబ్బాల్లో, దువ్వెనల మీద పడేది. దువ్వెనలూ సబ్బుపెట్టెలూ మా సరుకు. చేత్తో కిందికి లాగే అచ్చు మిషనులోంచి దువ్వెన బయటికి వచ్చేసరికి దాని అంచులన్నీ రంపపు పళ్ళలా ఉండేవి. ఆ అంచుల్ని చిన్న కత్తితో చెక్కి, గరుకు కాగితంతో రుద్ది నునుపు చేయడం ఆడవాళ్ళ పని. ఆ ఆడవాళ్ళకు నేను పెద్దదిక్కు. వయసులో కాదు, నోటిలో. సావుకారు దగ్గరికి వెళ్ళి మాట్లాడగలిగింది నేనొక్కదాన్నే గనుక ఆ పెద్దరికం నాకు తగులుకుంది.

మాది నేతవాళ్ళ కుటుంబం. కబ్బన్‌పేటలో మా మామగారి కాలం నుంచి మగ్గాలు. మగ్గం పని పల్చబడ్డాక మా ఆయన మిల్లుకు వెళ్ళాడు, నేను ఈ షెడ్డుకు వచ్చాను. మా అత్తగారికి అది ఏమాత్రం నచ్చలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని రోజూ నాకు వినిపించేటట్టు గోడతో చెప్పేది. నేనూ గోడతోనే జవాబు చెప్పేదాన్ని.

ఒకరోజు సావుకారు బొంబాయి నుంచి కొత్త మిషను తెప్పించాడు, కరెంటుది. దాంట్లోంచి వచ్చే దువ్వెన అంచులు నా చేతి గోరంత నున్నగా ఉన్నాయి. అందరూ ముచ్చటపడి చూస్తున్నారు. నేను మాత్రం నా చేతిలోని కత్తి వైపు చూసుకున్నాను. చెక్కడానికి ఏమీ లేకపోతే చెక్కేవాళ్ళెందుకు? రెండు రోజులకే సావుకారు నన్ను పిలిచి, ఆయుధపూజ దాకా ఉండండి, ఆ తర్వాత మీకు ఈ షెడ్డులో పని లేదని చెప్పేశాడు. మనిషి చెడ్డవాడు కాదు. చెప్పేటప్పుడు నా మొహం వైపు చూడలేకపోయాడు.

మాలో ఒక పెద్దామె ఉండేది. అందరం పెద్దమ్మ అనేవాళ్ళం. భర్త లేడు, ఒక్కగానొక్క కొడుకు జబ్బు మనిషి. ఆ ఇంటి పొయ్యిలో పిల్లి లేవాలంటే ఆమె చేతి కత్తి కదలాలి. మిగిలిన వాళ్ళ కథలూ కొంచెం అటూ ఇటూగా అంతే. సంగతి చెప్పగానే ఎవరూ ఏడవలేదు. పెద్దమ్మ మాత్రం కత్తికి పదును పెట్టుకుంటూ, "నువ్వుండావు కదా, యామైనా చేస్తావులే" అంది. ఆ ఒక్క మాటా నా నెత్తిన బండరాయిలా కూర్చుంది.

సరిగ్గా ఆ వారంలోనే దొర వచ్చాడు. పటాలం నుంచి పెన్షను తీసుకుని కంటోన్మెంటులో స్థిరపడ్డ మనిషి. కావేరి మీదా, మన చెరువుల్లోనూ గాలం వేయడం తప్ప ఆయనకు వేరే లోకం లేదు. అరవం కలిసిన కన్నడం మాట్లాడేవాడు. జేబులోంచి ఒక చిన్న డబ్బా తీసి, అందులోంచి ఎర్రటి వానపామును పైకెత్తాడు. మాలోని వయసు పిల్లలు కెవ్వుమన్నారు. తీరా చూస్తే ప్లాస్టిక్! లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది, నీళ్ళలో వేస్తే తోక ఆడిస్తుంది. పరదేశం నుంచి తెప్పించుకున్నాడట. ఇప్పుడు దిగుమతి కష్టమైంది, తనకూ తనలాంటి గాలపు మిత్రులకూ ఇక్కడే పోసిచ్చేవాళ్ళు కావాలన్నాడు. అచ్చు ఆయనే ఇస్తాడట. తెల్ల పొడీ, దాన్ని కలిపే నూనెలాంటి ద్రావకమూ ఎక్కడ దొరుకుతాయో ఆయనకు తెలుసు. ఒక్కటే షరతు. మొదటి వానపాము ఎలా ఉందో చివరిదీ అలాగే ఉండాలి. ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా, ఒకటి నల్లగా ఉంటే తనకు వద్దు.

సావుకారు తల అడ్డంగా ఊపబోతుంటే నేను మధ్యలో దూరి, మేం పోస్తామన్నాను. నిజం చెప్పాలంటే అది ఎలా పోస్తారో నాకు ఓనమాలు తెలియవు. సావుకారు నన్ను తేరిపార చూసి, సరే, ఆయుధపూజ లోపల దొర ఒప్పుకుంటే మీ పని మీకు ఉంటుంది, లేకుంటే లేదన్నాడు. మాట ఖాయమైంది.

ఇక పొయ్యి సంగతికి వస్తాను. పొడినీ ద్రావకాన్నీ కలిపితే చిక్కటి పాలలా ఉంటుంది. వేడి చేస్తే మొదట ఉప్మాలా గడ్డలు కడుతుంది. ఇంకా వేడెక్కితే కరిగి, పాకంలా పల్చబడి, తేటబడుతుంది. అచ్చులో పోయాల్సింది అప్పుడు. ఆ తేట దాటనిచ్చారా, పసుపెక్కి, ఎరుపెక్కి, కళ్ళు పొడిచేసే పొగ లేస్తుంది. అంటే పొయ్యి మండితే చాలదు, ఒకే తీరుగా మండాలి. ఈ చిన్న ముక్క అర్థం కావడానికి మేము పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు.

మొదట పంపు స్టవ్వు పెట్టాం. కిరసనాయిలు పోసి పంపు కొడితే గుయ్యిమని మండింది. అందరం సంబరపడ్డాం. గిన్నె నడుమ పాకం వచ్చింది, అంచుల్లో ఇంకా పాలే. అంచులు కరిగేదాకా ఆగితే నడుమ మాడిపోయింది. షెడ్డంతా పొగ, దగ్గు, తిట్లు. సామిల్లు వాళ్ళు ఏం తగలబడిందోనని బకెట్లతో వచ్చారు. తర్వాత బొగ్గుల కుంపటి. విసనకర్రతో విసిరితే నిప్పు రాజుకుంటుంది, చెయ్యి ఆపితే బూడిద కప్పుకుంటుంది. విసిరిన ప్రతిసారీ ఆ బూడిద లేచి గిన్నెలో పడింది. ఆ వానపాముల్ని దొరకు పంపితే ఆయన ఒకదాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని లాగాడట. అది పుటుక్కున తెగిందట. డబ్బా మూసి వెనక్కి పంపించాడు.

అప్పుడు రంగంలోకి దిగాడు మా డిప్లొమా. కొత్త మిషను చూసుకోవడానికి సావుకారు పెట్టుకున్న కుర్ర ఇంజనీరు. హొసకోటె నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. తెలివైనవాడు, మర్యాదస్థుడు, కాకపోతే తీగ లేని సామాను సామానే కాదనుకునే రకం. సావుకారును ఎలా ఒప్పించాడో గానీ చిక్కపేట నుంచి ఒక కరెంటు పొయ్యి కొనిపించాడు. మట్టి పలకలో గాడి చేసి, దాంట్లో చుట్లు చుట్లుగా తీగ పరిచిన రకం. మీట వేస్తే తీగ ఎర్రబడేది. దాని మీద మందపాటి గిన్నె పెట్టాం. ఏం చెప్పమంటారు! ఆ పూట పోసిన వానపాములు దొర డబ్బాలోని దానికి అక్కచెల్లెళ్ళలా వచ్చాయి. పెద్దమ్మ ఒకదాన్ని పట్టుకుని సాగదీసి, వదిలి, మళ్ళీ సాగదీసి చిన్నపిల్లలా ఆడుకుంది. దొరకు కబురు వెళ్ళింది. ఎల్లుండి పొద్దున తానే వచ్చి, తన కళ్ళ ముందు పోయిస్తానన్నాడు.

మర్నాడు డిప్లొమా రంగు తేవడానికి ఊళ్ళోకి వెళ్ళాడు. పెద్దమ్మ కరెంటు పొయ్యి ముందు చేతులు కట్టుకుని నిలబడి, "కొత్త పొయ్యి. పాలు పొంగించకుండా దీని మీద విషం కాస్తాండాము. పని నిలుస్తుందా?" అంది. అందరూ నా వైపు చూశారు.

మీరు ఇప్పుడు నవ్వుతారు. నవ్వండి. కొత్తింట్లో కాలు పెట్టినా, కొత్త పొయ్యి వెలిగించినా ముందు పాలు పొంగించని ఇల్లు మా పేటలో లేదు. నాకూ నిజమేననిపించింది. అంత మంచి పొయ్యికి అంత మాత్రం మర్యాద చేయకపోతే ఎలా? సామిల్లు ఎదుటి ఇంట్లో పాలు తెచ్చాం. కొత్త ఇత్తడి చెంబు తెచ్చాం. పొయ్యికి పసుపు రాశాం, కుంకుమ పెట్టాం. పాలు పైకి వస్తుంటే అందరం చుట్టూ చేరి, తూర్పు వైపు పొంగాలి, తూర్పు వైపు పొంగాలి అని చూస్తున్నాం. పాలు మా మాట విన్నాయి. చక్కగా తూర్పు వైపే పొంగి, నురుగుతో సహా నేరుగా ఆ ఎర్రటి తీగ మీద పడ్డాయి.

టప్ మంది. నీలం మెరుపు ఒకటి లేచింది. మట్టి పలక రెండుగా పగిలింది. షెడ్డులో దీపాలన్నీ పోయాయి. అవతల కొత్త మిషను దువ్వెనను సగం కక్కి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మాలో ఒకతె చేతులు జోడించి, ఏమైనా పొంగినాయి కదక్కా, మంచిదేనంది. ఆరోజు నేను దాన్ని కొట్టలేదంటే అది నా పూర్వజన్మ సుకృతం.

సావుకారు పరుగున వచ్చాడు. పలక చూశాడు, పాలు చూశాడు, కుంకుమ చూశాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "ఇంక కరెంటు మాట నా ముందర ఎత్తొద్దమ్మా. రేపు దొర వస్తాడు. పాలు పొంగినాయి, పని పోయిందని మీరే చెప్పుకోండి" అని వెళ్ళిపోయాడు. డిప్లొమా తిరిగొచ్చి, రంగు డబ్బా కింద పెట్టి, పగిలిన పలక పక్కన అలాగే కూర్చుండిపోయాడు. పెద్దమ్మ మూలకు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఆమె మీద కోపం రాలేదు, జాలీ కలగలేదు. రేపు దొర ముందు ఏం పెట్టాలన్న దిగులు తప్ప వేరేదేమీ నాలో లేదు.

భారంగా ఇంటికి వెళ్ళి, రోజూ చేసే పనికి కూర్చున్నాను. పెరట్లో మా నీళ్ళ పొయ్యి ఉండేది. డబ్బారేకుతో చేసిన గుండ్రటి పొట్టు పొయ్యి. అడుగున పక్కకు ఒక రంధ్రం. నడుమ ఒక సీసా నిలబెట్టి, రంధ్రంలోంచి ఒక కర్ర అడ్డంగా దూర్చి, చుట్టూ కొయ్యపొట్టు పోసి గట్టిగా కూరి, ఆపైన సీసానూ కర్రనూ మెల్లగా లాగేస్తే లోపల సొరంగంలా దారి మిగులుతుంది. పొద్దున కింద ఒక పుల్ల వెలిగించి వదిలేస్తే చాలు. ఊదక్కర్లేదు, విసరక్కర్లేదు. మామగారి స్నానం దగ్గర్నుంచి చిన్నపిల్లల తలంట్ల దాకా నీళ్ళు ఒకే తీరుగా కాగుతూ ఉండేవి.

పొట్టు కూరుతున్న నా చెయ్యి ఆగిపోయింది. ఒకే తీరుగా! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. అందులోనూ ఆ పొట్టు ఎక్కడిది? మా షెడ్డు పక్క సామిల్లు నుంచి నేనే రోజూ సంచిలో మోసుకొచ్చేది.

తెల్లవారగానే పొయ్యిని గోనెలో చుట్టి వీధి గుమ్మంలో పెట్టాను. మా అత్తగారు చూసింది. ఈసారి గోడతో చెప్పలేదు, నాతోనే చెప్పింది. "కోడలు ఇంట్లో నించి బంగారం ఎత్తుకపోయింది విన్నాను, బట్టలు ఎత్తుకపోయింది విన్నాను. పొయ్యి ఎత్తుకపోయేదాన్ని నిన్నే చూస్తాండాను" అంది. ఆరోజు మా ఇంటిల్లిపాదీ చన్నీళ్ళు పోసుకున్నారు. జట్కావాడు గోనె తడిమి, ఇల్లు మారుతున్నారా అమ్మా అని అడిగాడు. అవునప్పా అన్నాను. ఇంకేం చెప్పను?

షెడ్డు చేరేసరికి తెలిసింది, దొరకు జలుబు చేసిందట, ఆయన రాక ఒకరోజు వెనక్కి జరిగింది. దేవుడు ఉన్నాడని నేను గట్టిగా నమ్మిన సందర్భాల్లో అదొకటి. అయితే డిప్లొమా నా పొయ్యిని చూసి మొహం అదోలా పెట్టాడు.

"అక్కా, ఇది ఫ్యాక్టరీనా, చౌల్ట్రీనా? దొర దీన్ని చూస్తే యామనుకుంటాడు?"

"దొర పొయ్యిని గాలానికి గుచ్చడు గదప్పా. వానపాము బాగుంటే సాలు."

నవ్వేశాడు. నవ్వాక వంగి లోపలికి చూశాడు. చూసి, ఇందులోనూ మంట నడుమే ఉంది, స్టవ్వు మీద మాడినట్టే ఇక్కడా మాడుతుందన్నాడు. అది నేను ఆలోచించలేదు. కాసేపు ఇద్దరం పొయ్యి చుట్టూ తిరిగాం. ఉన్నట్టుండి అతను, గిన్నెను నేరుగా మంట మీద పెట్టొద్దు, వెడల్పాటి ఇనుప బాణలిలో ఇసక పోసి పొయ్యి మీద పెడదాం, గిన్నెను ఆ ఇసకలో గుచ్చుదామన్నాడు. చదువుకునేటప్పుడు ప్రయోగశాలలో అలా చేసేవాళ్ళట. మంట ఇసకను కాస్తుంది, ఇసక గిన్నెను చుట్టూ కాస్తుంది. ఇప్పుడు వెక్కిరించడం నా వంతైంది. ఇది ఇసకలో బొరుగులు వేయించే అంగడి అనుకున్నావా అన్నాను. వాడు ఏమాత్రం తగ్గలేదు. "అదేనక్కా. బొరుగు ఎప్పుడన్నా ఒకపక్క మాడి ఒకపక్క పచ్చిగా ఉండేది చూసినావా?" అన్నాడు. అదీ నిజమేనని ఒప్పుకున్నాను. షెడ్డులో అది అరుదైన సంఘటన.

ఎదుట కట్టుబడి జరుగుతున్న ఇంటి ముందు నుంచి ఇసక తెచ్చాం. జల్లెడ పట్టాం. తడి ఇసక కావడంతో మొదట ఆవిర్లు చిమ్మింది. అది ఆరి, కాగి, వేడెక్కేసరికి మధ్యాహ్నం కావొచ్చింది. గిన్నె గుచ్చాం. గిన్నెలో కలిపింది పాలలాగే ఉంది. ఎంతసేపు చూసినా పాలే. ఒక్కొక్కరే లేచి మంచినీళ్ళకు వెళ్ళారు. పుల్ల పెట్టి పొయ్యిని కెలుకుదామని నా చెయ్యి పీకుతోంది. కెలికితే కూరిన పొట్టు కూలి నిప్పు చస్తుందని తెలుసు. కొంగు చేతికి చుట్టుకుని కూర్చున్నాను. మెల్లగా అంచున ఒక గడ్డ కట్టింది. అంచునే! నడుమ కాదు. తర్వాత గిన్నె అంతా ఒక్కసారిగా గడ్డలు కట్టి, ఒక్కసారిగా కరిగి, అడుగు కనిపించేంత తేటగా అయింది. ఎక్కడా మాడు లేదు.

ఆ సాయంత్రం దాకా పోస్తూనే ఉన్నాం. డిప్లొమా ఇంకో కిటుకు కనిపెట్టాడు. వేడి ఎక్కువ కావాలంటే గిన్నెను ఇసకలో లోతుకు గుచ్చాలి, తక్కువ కావాలంటే పైకి లాగాలి. మీట లేని పొయ్యికి మీట దొరికిందని కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. పొయ్యిని దొర వచ్చే గడియకు చాలా ముందే వెలిగించాలని నేను గుర్తు పెట్టుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే పొయ్యి వెలిగించి, షెడ్డు ముందు రేకుల పంచలో పెట్టాం. పొగ ఏదైనా ఉంటే గాలికి పోతుందని. దొర వచ్చాడు. ముక్కు ఇంకా ఎర్రగానే ఉంది. సావుకారు చేతులు వెనక్కి కట్టుకుని ఆయన పక్కన నిలబడ్డాడు. పొట్టు పొయ్యినీ బాణలినీ చూసి సావుకారు కళ్ళు మూసుకున్నాడు, తలనొప్పి వచ్చినవాడిలా. దొర మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని, గడ్డం చేతిమీద ఆనించుకుని కూర్చున్నాడు. పోయమన్నట్టు తల ఊపాడు.

నేను గరిట పట్టాను. పెద్దమ్మ అచ్చు పట్టుకుంది. డిప్లొమా గిన్నె చెవులు గుడ్డతో పట్టుకుని ఇసకలో పైకీ కిందికీ జరుపుతున్నాడు. పోసిన ప్రతి అచ్చునూ చల్లటి నీళ్ళలో ముంచడం, విప్పడం, వానపామును తీసి పళ్ళెంలో పెట్టడం మిగిలినవాళ్ళ పని. సగం దాకా నడిచింది. అప్పుడు పాకం తేటబడడం కొంచెం ఆలస్యమైంది. సావుకారు అది పసిగట్టాడు. పాపం, మనిషికి అప్పటికే మా మీద అభిమానం పుట్టుకొచ్చిందో, దొర ముందు పరువు పోతుందన్న భయమో, ఒక పుల్ల తీసుకుని పొయ్యి రంధ్రంలోకి దూర్చబోయాడు.

"అయ్యా, ముట్టొద్దు!" అని అరిచాను.

సావుకారు మీద నేను గొంతెత్తడం అదే మొదటిసారి. ఆయన పుల్లతో సహా అలాగే వంగి ఉండిపోయాడు. "ఆ పొట్టు కూలితే మా బతుకు కూలుతుంది. దాని పాటికి దాన్ని వదిలేయండి" అన్నాను, ఈసారి మెల్లగా. సావుకారు పుల్ల కింద పడేసి వెనక్కి జరిగాడు. దొర మీసం చాటున నవ్వుకున్నాడు. డిప్లొమా గిన్నెను కొంచెం లోతుకు గుచ్చాడు. చూస్తుండగానే పాకం తేటబడింది. నేను పోశాను.

గిన్నె ఖాళీ అయ్యేదాకా పోశాం. దొర లేచి పళ్ళెం దగ్గరికి వచ్చాడు. మొదట పోసిన దాన్నీ చివర పోసిన దాన్నీ అడిగి చేతిలోకి తీసుకున్నాడు. రెండింటినీ రెండు చేతుల్లో పట్టుకుని సాగదీశాడు. తెగలేదు. ముడి వేశాడు. విప్పాడు. వెలుతురుకు ఎత్తి చూశాడు, లోపల బుడగలేమైనా ఉన్నాయేమోనని. తర్వాత బకెట్టులో వేసి వేలితో నీళ్ళు కదిపాడు. రెండూ ఒకే లయలో తోకలాడించాయి. తీసి, రెండు అరచేతుల మధ్య అటూ ఇటూ కలిపి, అరచెయ్యి చాచి నా ముందు పెట్టాడు. ఏది మొదటిది, ఏది చివరిది అని అడిగాడు.

నేను చూశాను. పెద్దమ్మ చూసింది. డిప్లొమా కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. నిజంగానే తెలియలేదు. తెలియదన్నాను. నాకూ తెలియడం లేదని దొర నవ్వి, సావుకారు చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఇకమీదట తన వానపాములన్నీ ఇక్కడే పోయించాలని, పోసేవాళ్ళు వీళ్ళే ఉండాలని చెప్పాడు. ఆ చివరి మాట కన్నడంలో, మాకు వినిపించేటట్టు గట్టిగా చెప్పాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండూ ఆపుకోలేదు. ఎందుకు ఆపుకోవాలి? గెలిచాం కదా! వెళ్ళబోతూ దొర వంగి పొయ్యి రంధ్రంలోకి తొంగిచూసి, తన వంటవాడు ఇలాంటి దాని మీదే నీళ్ళు కాస్తాడని, ఇన్నాళ్ళూ దాన్ని తాను సరిగ్గా చూడనే లేదని అన్నాడు. నేనూ అంతేనని చెప్పాలనుకున్నాను. పెద్దరికం అడ్డొచ్చింది.

మా అత్తగారికి కొత్త నీళ్ళ పొయ్యి కొనిచ్చాను. పాతదాన్ని ఇంటికి తేవడానికి ఒప్పుకోలేదు ఆమె, ప్లాస్టిక్ వండిన పొయ్యి నా ఇంట్లోకి వద్దంది. ఆ విషయంలో మాత్రం ఆమె మాటే సరైనది. ఒరే మనవడా, నువ్వు ఏ పొయ్యి కొన్నా సరే, దాన్నీ ఆ గిన్నెనూ మళ్ళీ వంటింట్లోకి రానీకు. ఆరుబయట పోసుకో. నీళ్ళ తడి తగలనీకు. ఇసక మాత్రం పొడిగా ఉండాలి.

ఆయుధపూజ వచ్చింది. మిషన్లన్నీ కడిగి, పూలు కట్టి, విభూతి పెట్టాం. మా పొట్టు పొయ్యికి కూడా ఒక మూర చేమంతులు చుట్టాం. పూజ అయ్యాక సావుకారు లోపలి నుంచి ఒక చెంబు పట్టుకుని వచ్చాడు. అదే ఇత్తడి చెంబు. నిండా పాలు. పెద్దమ్మ అడుగు వెనక్కి వేసింది.

"పొంగించండమ్మా. ఈ పొయ్యికి ఫ్యూజు లేదు" అన్నాడు సావుకారు.

బాణలి దించి చెంబు పెట్టాం. అందరం చుట్టూ చేరాం, డిప్లొమా కూడా. పాలు లేచాయి. తూర్పా పడమరా అని ఈసారి ఎవరూ చూడలేదు. నాలుగు వైపులా పొంగి, చెంబు మీంచి కారి, పొట్టు మీద పడి చుయ్యిమన్నాయి. ఆవిరి లేచి మా మొహాలకు తగిలింది. పెద్దమ్మ మోకాళ్ళ మీద వంగి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, పొయ్యి రంధ్రంలోకి చాలాసేపు చూసింది. తర్వాత తల పైకెత్తి మా అందరి వైపూ చూసి, "మండతానే ఉండాది" అంది.